తొమ్మిది వందల డాలర్లు

ఇప్పుడే లాప్‌టాప్ మూసి ఇది రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు.

మావారి ఉద్యోగం పోయి ఐదు వారాలైంది. ఇక్కడ అమెరికాలో ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఆ నెలాఖరుకే ఆగిపోయింది. ఉద్యోగం పోయాక కూడా పాత ప్లాన్ కొనసాగించుకోనిచ్చే కోబ్రా చట్టం కింద అదే ప్లాన్ ఉంచుకోవాలంటే కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన రెండు శాతం అదనం. ఉద్యోగం పోయినవాళ్ళు ఎక్కడ్నుంచి తెచ్చి కడతారు? ఇన్సూరెన్స్ పోయిన అరవై రోజుల్లోపు ఒబామాకేర్ చట్టం కింద నడిచే ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైట్‌లో, అంటే మార్కెట్‌ప్లేస్‌లో, ప్లాన్ తీసుకోకపోతే ఇక కవరేజీ వచ్చే జనవరికే. అందుకే పిల్లలు పడుకున్నాక మా స్టేట్ సైట్ తెరిచి కూర్చున్నాను.

నా పార్ట్‌టైమ్ జీతం, ఆయన పాత జీతం, ఇప్పుడు దొరికిన కాంట్రాక్ట్ పని అన్నీ కలిపి ఈ ఏడాదికి 1,29,500 డాలర్లు అని వేశాను. నలుగురికి సిల్వర్ అనే మధ్యరకం ప్లాన్ నెలకు 2,140. సబ్సిడీ సున్నా. అనుమానమొచ్చి 1,28,000 వేసి చూశాను. అదే ప్లాన్ 1,060కి దిగింది!

నలుగురున్న ఇంటికి సబ్సిడీ రావాలంటే 2026లో ఆదాయం లిమిట్ 1,28,600. దానికి తొమ్మిది వందలు ఎక్కువ సంపాదించినందుకు నెలకు వెయ్యి డాలర్ల పైన శిక్ష. 2021 నుంచి 2025 దాకా ఈ లిమిట్ లేదు. రెండో చవకైన సిల్వర్ ప్లాన్‌కి ఆదాయంలో ఎనిమిదిన్నర శాతం దాటి కట్టనక్కర్లేదు, మా లెక్కన 917 అయ్యేది. దాన్ని పొడిగించాలా వద్దా అని నిరుడు 43 రోజులు ప్రభుత్వాన్నే మూసుకుని కూర్చున్నారు. చివరికి పొడిగించలేదు. ఆ భారం మా నెత్తిన పడింది.

ఐఆర్‌ఏలో, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, వేసి ఆదాయం తగ్గించి చూపించు అంది ఒక ఫ్రెండ్. ప్రీమియంకే డబ్బుల్లేవు తల్లీ! పోనీ తక్కువ వేసి సబ్సిడీ తీసుకుందామంటే, కాంట్రాక్ట్‌లో రెండు రోజుల పని ఎక్కువొచ్చి లిమిట్ దాటితే తీసుకున్నదంతా టాక్సుల్లో తిరిగి కట్టాలి. పని దొరికితే సంతోషించాలా, భయపడాలా? ప్రీమియం తక్కువుండే బ్రాంజ్ ప్లాన్ తీసుకో అంటారు ఇంకొందరు. జబ్బు చేస్తే కుటుంబానికి ఏడాదికి 21,200 దాకా మన జేబులోంచి పోవచ్చని మాత్రం చెప్పరు.

మొన్న పొరపాటున ఏదో కోట్స్ సైట్‌లో ఫోన్ నంబర్ ఇచ్చాను. ఆ సాయంత్రం ఫోన్ ఆగితే ఒట్టు. ఒకతను మంచి ప్లాన్ అని ఊదరగొట్టాడు. పాపకి ఆస్తమా ఉందనగానే లైన్ కట్. మార్కెట్‌ప్లేస్‌లో ఉన్నదే కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పాత జబ్బు ఉందని వాళ్ళు కాదనకూడదు. 2010లో ఒబామాకేర్ చట్టం రాకముందు మా పాపలాంటి వాళ్ళకి విడిగా పాలసీ ఎవరిచ్చేవాళ్ళు?

ఇది రాస్తుంటే పోయిన సంక్రాంతి గుర్తొచ్చి కడుపు మండిపోతోంది. మా ఇంట్లోనే పాట్‌లక్. ఒకాయన ప్లేటు పట్టుకుని, "ఒబామాకేర్ మనలాంటి వాళ్ళకెందుకండీ, అది పని చేయకుండా తినేవాళ్ళకి" అన్నారు. ఇంటికొచ్చిన మనిషి కదా అని పులిహోర వడ్డిస్తూ నోరు మూసుకున్నాను. ఇవాళ అయితే ఊరుకోను. ఆయనా హెచ్1బీ మీదే ఉన్నారు. నిరుడు జులైలో వచ్చిన చట్టంతో 2027 జనవరి నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ళకి ఈ సబ్సిడీ ఉండదు, గ్రీన్‌కార్డు ఉండాలి. టాక్సులు మాత్రం పైసా తగ్గకుండా కట్టించుకుంటారు. అన్నగారూ, మీరు కట్టే టాక్సే అది. రేపు మీ ఆవిడ సొంతంగా ఏదైనా మొదలుపెట్టి, మీ ఉద్యోగం కూడా పోతే ఇదే స్క్రీన్ ముందు పూర్తి ధరకి కూర్చుంటారు. మనలాంటి వాళ్ళు అంటే ఎవరండీ? బ్యాడ్జ్ మెడలో ఉన్నన్నాళ్ళేనా?

మా పాప ఇన్హేలర్ వెనక చిన్న కిటికీలో ఇంకెన్నిసార్లు వస్తుందో అంకె కనిపిస్తుంది. పొద్దున 38 ఉంది. పడుకునే ముందు రెండుసార్లు పీల్చింది. ఇప్పుడు 36.