అడుగంటిన జావ చెప్పిన సంగతి

1950 మే నెలలో డెన్మార్క్‌లోని సిల్కెబోర్గ్ దగ్గర, పొయ్యిలో మండించడానికి పీట్ (చిత్తడి నేలల్లో నాచు, మొక్కలు పూర్తిగా కుళ్లకుండా పేరుకుని ఏర్పడే మట్టి) తవ్వుకుంటున్న ఒక కుటుంబానికి మట్టిలో మనిషి ముఖం కనిపించింది. కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టుంది. గడ్డం మీద మొలిచిన వెంట్రుకలు కూడా చెక్కుచెదరలేదు. ఈమధ్యే జరిగిన హత్య అనుకుని పోలీసులను పిలిచారు. తీరా ఆ మనిషి చనిపోయి దాదాపు 2,400 ఏళ్లయిందని తేలింది. మెడకు తోలుతో అల్లిన ఉరితాడు ఇంకా ఉంది. ఇప్పుడు ఆయనను టోలుండ్ మనిషి అంటున్నారు.

స్ఫాగ్నమ్ అనే నాచు పెరిగే ఆ చిత్తడి నేలల్లో నీరు చల్లగా, ఆమ్లగుణంతో ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి కుళ్లబెట్టే బ్యాక్టీరియాకు పని సాగదు. చర్మం శుద్ధి చేసిన తోలులా మారి నిలుస్తుంది. ఎముకలు మాత్రం కాల్షియం కోల్పోయి మెత్తబడతాయి.

అలాంటి దేహాన్ని మొత్తంగా కాపాడే పద్ధతి అప్పట్లో ఎవరికీ తెలియదు. తలను జాగ్రత్త చేశారు, మిగతాది చాలావరకు ఎండిపోయింది. సిల్కెబోర్గ్ మ్యూజియంలో ఇప్పుడున్నది అసలు తలకు అమర్చిన నమూనా దేహం. అదృష్టం కొద్దీ పేగులను దాచారు. 2021లో వాటిని మళ్లీ పరీక్షిస్తే ఆయన చివరి భోజనం బయటపడింది: బార్లీ, అవిసె గింజలు, కలుపు గింజలతో కాచిన జావ, కొంచెం చేప. జావ కాస్త అడుగంటింది కూడా. కలుపు గింజలు నూర్పిడిలో మిగిలిన తాలుతో పాటు వచ్చినవట. కడుపులో బద్దెపురుగుల గుడ్లున్నాయి. ఆయనను దేవతలకు బలి ఇచ్చారన్నది చాలామంది పండితుల మాట. మమ్మల్ని మాత్రం ఎక్కువగా కదిలించింది ఆ అడుగంటిన జావే. దాన్ని ఎవరో ఒకరు పొయ్యి ముందు కూర్చుని కాచారు.

డెబ్బయ్యేళ్లు దాచిన పేగుల ముక్క ఇంత చెప్పింది. అందుకే ఇలాంటి అవశేషాల్లో కొంత భాగాన్ని రేపటి పరికరాల కోసం ముట్టుకోకుండా ఉంచాలని మేము కోరుతున్నాం.

ఇంకా బయటపడనివారి సంగతే మా ఆందోళన. 2003లో ఐర్లండ్‌లో దొరికిన క్లోనీకావన్ మనిషికి నడుము కింది భాగం లేదు. పీట్ తవ్వే యంత్రమే దాన్ని తెగ్గొట్టిందని పరిశోధకుల అంచనా. అక్కడి ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా 2021లో పీట్ తవ్వకం ఆపేసింది, మంచి పని. కానీ తవ్వకం ఆగితే చాలదు. కాల్వలతో నీరు తోడేసిన చోట గాలి చొరబడుతుంది, వేల ఏళ్లుగా ఆగిన కుళ్లు మొదలవుతుంది, నేలలోని కార్బన్ కూడా గాల్లో కలుస్తుంది. ఆ కాల్వలను పూడ్చి, నేలను మళ్లీ తడపాలి.