సవరణ: గోల్ఫ్ డ్రైవర్ మీద ‘10కె’ అని ఉంటే బంతి వంకర పోదా?

సరదాగా గోల్ఫ్ ఆడేవారికి ‘10కె’ రకం డ్రైవర్లు (బంతిని చాలా దూరం కొట్టే పెద్ద తల క్లబ్బులు) నయమని ఇంతకు ముందు రాశాను. వాటితో బంతి కుడికి వంగడం ఆగిపోతుందని కొందరు అనుకున్నట్టున్నారు. అందుకే ఈ వివరణ.

2024లో పింగ్ జి430 మ్యాక్స్ 10కె, టేలర్‌మేడ్ క్యూఐ10 మ్యాక్స్ అనే డ్రైవర్లు ఈ అంకెతోనే ప్రచారమయ్యాయి. దెబ్బ పక్కకు తగిలినప్పుడు క్లబ్బు తల మెలితిరగకుండా నిలిపే గుణం జడత్వ భ్రామకం. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కొలిచి, రెండూ కలిపితే 10,000 గ్రాము-చదరపు సెంటీమీటర్లు దాటుతుందన్నమాట. నిబంధనల పరిమితి మాత్రం అడ్డంగా మెలితిరగడానికి సంబంధించినదే: 5,900, కొలతలో తేడాకు మరో 100.

బంతి అంచుకు తగిలినా దూరం, దిశ మరీ చెడకపోవడమే దీని మేలు, అది చిన్న మేలు కాదు. కానీ స్వింగ్ దారితో పోలిస్తే క్లబ్బు ముఖం (బంతికి తగిలే భాగం) తెరుచుకుని, అంటే కుడికి తిరిగి తగిలితే, కుడిచేతివాటం వారి బంతి ఏ డ్రైవర్‌తోనైనా కుడికే వంగుతుంది. అలాంటివారు మడమ వైపు, అంటే కర్ర కలిసే వైపు బరువు పెట్టిన డ్రా రకం (బంతిని ఎడమకు వంచే) తలను, 10.5కు బదులు 12 డిగ్రీల లాఫ్ట్‌ను (ముఖం వెనక్కి వాలిన కోణాన్ని) ప్రయత్నించాలి.

డబ్బు పెట్టేముందు క్లబ్బు ముఖం మీద పౌడర్ స్ప్రే కొట్టి కొన్ని బంతులు ఆడండి. మచ్చలు చెల్లాచెదురుగా పడితే 10కె మీకు పనికొస్తుంది. మధ్యలోనే పడుతూ బంతి వంగుతుంటే ఆ ఖర్చు శిక్షకుడికి పెట్టండి.