క్నోసస్‌తో సరిపెట్టేస్తే ఎలా?

గ్రీసు ద్వీపం క్రీట్ మీద మీ యాత్రా వ్యాసం హాయిగా చదివించింది. కానీ క్నోసస్ ప్రాచీన ప్యాలెస్ శిథిలాలు చూసి, హనియా పట్టణం రేవులో నాలుగు ఫొటోలు దిగితే ద్వీపం అయిపోయినట్టే అన్న ధోరణి నచ్చలేదు. క్నోసస్‌లో అందరూ ఫొటో తీసుకునే ఆ ఎర్ర స్తంభాలు, ప్యాలెస్ కట్టిన కంచుయుగపు మినోవన్ల నాటివి కావు. 1900లో తవ్వకాలు మొదలుపెట్టిన ఆర్థర్ ఎవాన్స్ తర్వాత కాంక్రీటుతో నిలబెట్టించినవి. ఈ ముక్క చెప్పకపోతే ఎలా? గోడల మీద బొమ్మలూ నకళ్లే, అసలువి దగ్గర్లోని హెరాక్లియన్ నగరం మ్యూజియంలో ఉన్నాయి. 1908లో ఫైస్టోస్ అనే మరో మినోవన్ ప్యాలెస్‌లో దొరికిన మట్టి బిళ్ల కూడా అక్కడే. రెండు వైపులా సుడి తిరుగుతూ సాగే ఆ గుర్తులను ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. ముందు మ్యూజియం చూసి, తర్వాతే క్నోసస్‌కి వెళ్లడం మేలు.

ఇక దాకోస్‌ని 'ఒక రకం సలాడ్' అని తేల్చేశారు, అన్యాయం! గట్టి బార్లీ రస్కు మీద టమాటా తురుము వేస్తారు. ఆ రసానికి పైభాగం నానుతుంది, అడుగు మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. ఆపైన మిజిత్రా జున్ను, ఒరెగానో, ఆలివ్ నూనె (నూనె దగ్గర వాళ్లకి మొహమాటం లేదు). శాకాహారులకు ఇదీ, నిమ్మరసం పిండిన ఉడికించిన ఆకుకూర హోర్తా ఉంటే భోజనానికి ఢోకా లేదు. భోజనం చివర అడక్కుండానే వచ్చే చిన్న గ్లాసుడు రాకీ (ఘాటైన ద్రాక్ష సారా) మంచినీళ్లలా కనిపిస్తుంది, జాగ్రత్త.

రేతిమ్నో ఊసే లేదేమండీ? వెనీషియన్ల కోట, అందులోనే ఆటోమన్ల మసీదు. హెరాక్లియన్ నుంచి హనియా బస్సు ఆ ఊరి మీదుగానే వెళ్తుంది కదా.