పెద్ద సారు, చిన్న సారు, మధ్యలో మన కాలు

1961లో వచ్చిన ‘ది యంగ్ డాక్టర్స్’ అనే హాలీవుడ్ సినిమాను ప్రతి దవాఖానలో, టోకెన్ నంబర్లు చూపించే టీవీలోనే రోజూ వేయాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను. బ్లాక్ అండ్ వైట్ సినిమానే, కానీ ఎక్స్‌రేలు చూసీ చూసీ మనకు అలవాటే కదా.

ఆర్థర్ హెయిలీ నవల నుంచి తీసిన కథ. ల్యాబులో ఏళ్లుగా పాతుకుపోయిన పెద్దాయన ఫ్రెడ్రిక్ మార్చ్, ఆయన పక్కకు కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు బెన్ గజారా. ఒక గర్భిణికి నెగెటివ్ రక్తం, భర్తది పాజిటివ్. తల్లి రక్తంలో బిడ్డ రక్తాన్ని దెబ్బతీసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష కూడా చేయాల్సిందే అని చిన్నాయన, చేసినవి చాలు, దండగ ఖర్చు అని పెద్దాయన. పెద్దాయన మాటే నెగ్గింది, పుట్టిన బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది (తల్లిలో ఆ యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి సూది రావడానికి అప్పటికి ఇంకా ఏడేళ్లుంది). సరే, కుర్రకారుకు ఒక పాయింటు. తర్వాత ఒక నర్సు మోకాలిలో గడ్డ. క్యాన్సరని పెద్దాయన, కాదని చిన్నాయన. కాలు తీసేశారు, చివరికి పెద్దాయన చెప్పిందే నిజం. మ్యాచ్ డ్రా! ఆడింది వాళ్లిద్దరు, పోయింది మాత్రం నర్సు కాలు.

మన వరంగల్ పేషెంట్లు అంత అమాయకులు కాదు. ఆ నవల అచ్చయిన 1959లోనే మన కాకతీయ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది, అంటే ఈ తగువును మనం పుట్టుక నుంచీ చూస్తున్నాం. ఇక్కడ తండ్రీకొడుకులు ఒకే నర్సింగ్ హోంలో ఎదురెదురు గదుల్లో కూర్చుంటారు. “కడుపు ఒత్తి చూస్తే తెలుస్తలేదా, స్కానింగ్ ఎందుకు?” అని పెద్ద సారు. “స్కానింగ్ లేకుండా గోలీలు ఎట్ల రాసిండ్రు?” అని చిన్న సారు. తండ్రి నల్ల ఇంకుతో రాసిన గోలీని కొడుకు నీలం పెన్నుతో కొట్టేసి, దాని పక్కనే ఇంకోటి రాస్తాడు. ఫీజు మాత్రం ఎవరూ కొట్టెయ్యరు.

ఆ చీటీ పట్టుకొని పరకాల బస్సెక్కి ఊరికి పోతే తీర్పు దొరుకుతుంది. మా ఆర్‌ఎంపీ అద్దాలు పైకి జరిపి రెండు రాతలూ చూసి, “ఇద్దరూ పెద్దోళ్లే అవ్వా, ఎవరినీ కాదనద్దు. పొద్దుగాల నల్లది, రాత్రికి నీలంది వేస్కో, ఇప్పుడైతే ఒక గ్లూకోజ్ పెడుతా” అంటాడు. రెండు తరాలకూ సమాన గౌరవం, పైన ఒక సీసా. ఇంతటి పాత్రను సినిమాలో పెట్టకపోవడం దర్శకుడి ఘోర తప్పిదం.

ఆ సినిమాకు వ్యాఖ్యానం చెప్పింది రోనాల్డ్ రీగన్, 1981లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. డాక్టర్ల తగువుకు తెర వెనక నుంచి గొంతు ఇచ్చినాయనే అంతటోడైతే, రోజూ ముందు కూర్చొని తెంపుతున్న మా ఆర్‌ఎంపీకి కనీసం ఎంపీటీసీ టికెట్టన్నా ఇయ్యద్దా?