మెట్స్‌కు సున్నా, ఏంజెల్స్‌కు పదేళ్లలో ఐదు: ఎంవీపీల లెక్క ఏం చెబుతోంది?

2016 ఐపీఎల్ గుర్తుందా? కోహ్లి 973 పరుగులు బాదాడు, మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ (ఎంవీపీ) అవార్డు కూడా అతనిదే. కప్పు మాత్రం హైదరాబాద్ సన్‌రైజర్స్ ఎత్తుకెళ్లింది. అమెరికా బేస్‌బాల్‌లో ఇలాంటివి కొల్లలు.

అక్కడి అగ్రశ్రేణి పోటీ మేజర్ లీగ్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగులున్నాయి. ఏటా ఒక్కో లీగుకు ఒక ఎంవీపీ. 1931 నుంచి ఎంపిక చేసేది బేస్‌బాల్ విలేకరుల సంఘం. ఓట్లు ప్లేఆఫ్స్‌కు ముందే పడిపోతాయి కాబట్టి ఫైనల్లో ఎవరు చెలరేగినా ఈ అవార్డుకు లెక్కలోకి రాదు.

ఎక్కువ ఎంవీపీలు న్యూయార్క్ యాంకీస్ జట్టువి. డిమాజియో, యోగి బెర్రా, మికీ మాంటిల్ తలా మూడు గెలిచారు. ఆరన్ జడ్జ్ కూడా 2025తో మూడుకు చేరాడు. అదే ఊళ్లో 1962 నుంచి ఆడుతున్న మెట్స్‌కు ఒక్కటంటే ఒక్కటి లేదు. అలాగని చేతకాని జట్టేం కాదు, 1969లో, 1986లో మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ కొట్టింది. 1986లో ఏకంగా 108 మ్యాచ్‌లు గెలిస్తే, ఎంవీపీ అయింది చాలా వెనకబడ్డ ఫిలడెల్ఫియా ఆటగాడు మైక్ ష్మిట్. మెట్స్ వాళ్లు కార్టర్, హెర్నాండెజ్ మూడు, నాలుగు స్థానాల్లో మిగిలారు. 1988లోనూ అంతే, స్ట్రాబెర్రీ రెండు, మెక్‌రేనాల్డ్స్ మూడు. ఒకే ఇంట్లో ఇద్దరు పోటీకి దిగితే ఓట్లు చీలవా మరి!

కాలిఫోర్నియా జట్టు ఏంజెల్స్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 2014 నుంచి 2023 లోపు ట్రౌట్‌వి మూడు, ఓటానివి రెండు, మొత్తం ఐదు ఎంవీపీలు. ఆ పదేళ్లలో ప్లేఆఫ్స్ చేరింది 2014లో ఒక్కసారే, అదీ మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటిదారి పట్టింది. ఆ జట్టు ఏకైక వరల్డ్ సిరీస్ 2002లో వచ్చింది. ఆ ఏడాది ఎంవీపీ వాళ్లవాడు కాదు.

నా దృష్టిలో అసలు మారింది ఓటు వేసేవాళ్ల చూపు. 1947లో బోస్టన్ ఆటగాడు టెడ్ విలియమ్స్ బ్యాటింగ్ సగటు, హోమ్‌రన్‌లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిపెట్టిన పరుగులు) మూడింటిలోనూ లీగులో మొదటివాడు. అయినా ఓట్ల లెక్కలో ఒక్క పాయింటు తేడాతో అవార్డు డిమాజియోకు పోయింది, ఎందుకంటే లీగు గెలిచింది యాంకీస్. 2012లోనూ ట్రౌట్‌ను కాదని, ప్లేఆఫ్స్ చేరిన డెట్రాయిట్ ఆటగాడు కాబ్రెరాకు ఇచ్చారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 74 గెలుపులతో చతికిలబడ్డ జట్టు నుంచి అదే ట్రౌట్ ఎంవీపీ. ఒక ఆటగాడి వల్ల జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయో అంచనా కట్టే 'వార్' అంకెకు ఆపాటికి పలుకుబడి పెరిగింది. అందుకే యాంకీస్ పాత ఎంవీపీలనూ ఏంజెల్స్ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి లెక్కేయడమంటే అణాలనూ రూపాయలనూ కలిపి కూడినట్టే.

2024లో లిండోర్‌తో మెట్స్ మళ్లీ దగ్గరిదాకా వచ్చింది. రెండో స్థానం. ఏంజెల్స్ నుంచి డాడ్జర్స్‌కు మారిన ఓటానికి మాత్రం మొదటి స్థానానికి వేసే ముప్ఫై ఓట్లూ పడ్డాయి, ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ కూడా దక్కింది.