దాచినవాళ్లు వేరు, అమ్ముకున్నవాళ్లు వేరు

అనుమతుల గొడవ లేకుండా చేసుకున్న రికార్డింగులు లేకపోతే జాజ్ చరిత్రలో కొన్ని పేజీలు ఖాళీగానే మిగిలేవి. 1941లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా యూనివర్సిటీ కుర్రాడు డిస్కు మీద రికార్డు చేసే మిషన్ మోసుకుని న్యూయార్క్ హార్లెమ్ పేటలోని మింటన్స్ ప్లేహౌస్ క్లబ్బుకు వెళ్లేవాడు. అక్కడ గిటార్ వాయించిన చార్లీ క్రిస్టియన్ మరుసటి ఏడాదే క్షయతో చనిపోయాడు. అప్పటికి 25 ఏళ్లు. ఆ రోజుల్లో స్టూడియో రికార్డు మూడు నిమిషాలకే అయిపోయేది. క్రిస్టియన్ తీరుబడిగా, ఒకదాని మీద ఒకటి అల్లుకుంటూ ఎలా వాయించేవాడో మనకు తెలిసిందంటే ఆ కుర్రాడి చలవే.

అయితే ఆ రికార్డింగుల్లో పేరుమోసిన ఒక ముక్క తర్వాత 'స్వింగ్ టు బాప్' అన్న పేరుతో బయటికొచ్చింది. నిజానికి అది ఎడ్డీ డర్హమ్, ఎడ్గార్ బాటిల్ కట్టిన 'టాప్సీ'. పేరు ఎందుకు మార్చారన్నది అలా ఉంచండి. పాట పేరు మారిందంటే దాన్ని కట్టినవాళ్ల పేరు కూడా చెరిగిపోయినట్టే, రాయల్టీ అడగడానికి ఆధారం పోయినట్టే. బూట్‌లెగ్, అంటే అనుమతి లేకుండా బయటికొచ్చే రికార్డింగు, చేసే నష్టంలో జనం కంటికి ఆననిది ఇదే. కళాకారుడి డబ్బు గురించి అందరూ మాట్లాడతారు, వివరాలు పోవడం గురించి ఎవరూ మాట్లాడరు.

డీన్ బెనెడెట్టి సంగతి వేరు. 1947–48లో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ఎక్కడ వాయిస్తే అక్కడికి మిషన్‌తో వెళ్లేవాడు. పార్కర్ సోలో మొదలవగానే ఆన్, మిగతావాళ్లు అందుకోగానే ఆఫ్. పిచ్చి అనండి, భక్తి అనండి. వాటిని అమ్ముకోలేదు. 1957లో ఆయన పోయాక అవి గల్లంతయ్యాయనే అనుకున్నారు. చివరికి 1990లో మొజాయిక్ అనే రికార్డుల సంస్థ పద్ధతిగా విడుదల చేసింది. న్యూయార్క్‌లో బోరిస్ రోజ్ అనే ఆయన క్లబ్బుల నుంచి వచ్చే రేడియో ప్రసారాలను ఏళ్ల తరబడి రికార్డు చేసి, రకరకాల ఉత్తుత్తి కంపెనీల పేర్లతో ఎల్పీలు వేసి అమ్మాడు. ఇద్దరూ సంగీతాన్ని కాపాడినవాళ్లే. కానీ ఇద్దరినీ ఒకే గాటన కట్టేసి 'పాపం, వాళ్లు లేకపోతే మనకేం మిగిలేది' అనడం నాకు మింగుడుపడదు.

తిరుపతిలో జాజ్ వినేవాళ్లు ఎంతమందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కచేరీ టేపులు దాచుకున్న ఇళ్లు మాత్రం బోలెడు. తెలిసిన ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో బీరువా కింది అర నిండా క్యాసెట్లే. ఒకదాని అట్ట మీద నీలం ఇంకుతో గాయకుడి పేరు, దాని కింద 'తోడి, ఆలాపన సగం నుంచి', ఇంకా కింద 'బి సైడు చివర కరెంటు పోయింది' అని ఉంది. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు రికార్డు చేశారన్నవి లేవు.

చెవి పెట్టి వింటే కొంత దొరుకుతుంది. దగ్గు దగ్గరగా, మృదంగం ఎక్కడో దూరంగా వినిపిస్తే జనంలో కూర్చుని చేసింది. గొంతు చెవి పక్కనే ఉండి, చప్పట్లు పక్క వీధిలోంచి వస్తున్నట్టుంటే మిక్సర్ నుంచి లైను లాగింది. అంటే సౌండ్ ఆపరేటర్‌కు తెలిసే జరిగింది, బహుశా నిర్వాహకులకూ తెలుసు. అనౌన్సర్ గొంతు వినిపిస్తే రేడియో. గాయకుడు మామూలుగా పాడే శ్రుతి కన్నా అర శ్రుతి ఎక్కువగా ఉంటే, కాపీకి కాపీ తీసేటప్పుడు పాత టేపును వినిపించిన టేప్‌రికార్డర్ వేగంగా తిరిగి ఉండొచ్చన్నమాట. జాజ్ సేకర్తలు కూడా ఇలాగే కూపీ లాగుతారు.

చట్టం దగ్గరికొస్తే, మన కాపీరైట్ చట్టం 1957 నాటిదే అయినా ప్రదర్శకులకు హక్కు వచ్చింది 1994 సవరణతోనే. ఆ జాబితాలో గాయకులతో పాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. మొదట 25 ఏళ్లన్న గడువును 1999లో 50 ఏళ్లు చేశారు. రేడియో ప్రసారం మీద ప్రసార సంస్థకు ఉండేది 25 ఏళ్లే. అంటే 1996లో ఆకాశవాణిలో లైవ్‌గా వచ్చిన కచేరీ మీద ప్రసార హక్కు 2021తో అయిపోయింది, పాడినవారి హక్కు 2046 చివరి దాకా ఉంటుంది. 'రేడియోలో వచ్చిందే కదా, ఎవరిదైతే ఏం' అనేవాళ్లు ఈ రెండో లెక్క మర్చిపోతారు. అన్నమయ్య కీర్తన అయితే ఇంకో మెలిక ఉంది. పదాల మీద ఎవరికీ హక్కు లేదు. బాణీ మాత్రం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టింది అయి ఉండొచ్చు. తిరుపతి క్యాసెట్ అట్టల మీద 'రచన: అన్నమాచార్య' అని రాసి వదిలేస్తే, 'టాప్సీ' కట్టినవాళ్లకు జరిగిందే ఇక్కడా జరుగుతుంది.

అదే చట్టం 39వ సెక్షన్‌లో సొంతానికి వినడానికో, బోధనకో, పరిశోధనకో రికార్డు చేసుకుంటే తప్పు లేదంటుంది. బీరువాలో క్యాసెట్లు పెట్టుకున్న పెద్దాయనకు టెన్షన్ అక్కర్లేదు. ఆ క్యాసెట్లనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అమ్మే షాపువాడికి ఈ మినహాయింపు వర్తించదు. పైగా 52ఎ సెక్షన్ ప్రకారం అమ్మే రికార్డింగు మీద దాన్ని తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం ఉండాలి. ఇవి రాయాల్సి వస్తే సగం సరుకు అక్కడే ఆగిపోతుంది.

తప్పంతా షాపువాడిదే అనను. 1957లో కార్నెగీ హాల్‌లో పియానో వాయించే థెలోనియస్ మాంక్, శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ కలిసి ఇచ్చిన కచేరీని అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా రికార్డు చేసింది. ఆ టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది 2005లో. అంతకాలం అది ఉన్నట్టే దాదాపు ఎవరికీ గుర్తు లేదు. సంస్థలు తమ అటకలు వెతకనంత కాలం జనం పెన్‌డ్రైవ్‌ల వెంటే పడతారు.

ఇప్పుడు అసలు రికార్డింగంతా చిత్తూరు పల్లెల్లో జరుగుతోంది. ద్రౌపది గుళ్ల దగ్గర 18 రోజుల భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ముందు వరసలో మూడు నాలుగు ట్రైపాడ్లు. తెల్లారేసరికి వీడియో యూట్యూబ్‌లో ఉంటుంది, మూలన ఛానెల్ లోగో, మధ్యలో యాడ్లు. వీడియో కింద ఊరి పేరు, ఛానెల్‌వాళ్ల ఫోన్ నంబరు రాస్తారు. హార్మోనియం వాయించినాయన పేరు ఉండదు. కళాకారులు ఎందుకు అడగరంటే, అడిగితే వచ్చే ఏడు ఆ ఊళ్లో పిలుపు రాదేమోనని. వీడియో చూసి ఇంకో ఊరివాళ్లు పిలుస్తారన్న ఆశ కూడా ఉంటుంది, అది ఉత్త భ్రమేం కాదు. అందుకే రికార్డింగ్ వద్దనమని నేను చెప్పను. అడ్వాన్సు తీసుకునేటప్పుడు రాసుకునే కాగితంలో రెండు లైన్లు చేర్చమంటాను. వీడియో కింద బృందంలో అందరి పేర్లూ వేయాలి, యాడ్ల డబ్బులో ఇంత వాటా రావాలి అని. కుదరదంటే ఆ మేరకు రేటు పెంచి అడగాలి.