గడప లోపలి చరిత్ర

ఏటా ఏప్రిల్ 16న ఊరూరా కందుకూరి వీరేశలింగం పంతులుగారి విగ్రహాలకు పూలదండలు పడతాయి. ఆయన జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా కూడా జరుపుకుంటున్నాం కనుక రాజమహేంద్రవరంలో ఆ రోజు మరికొంత సందడి కనిపిస్తుంది. మళ్లీ మే 27న, ఆయన వర్ధంతినాడు, అవే దండలు, అవే ప్రసంగాలు. మిగిలిన 363 రోజుల్లో ఆ మహనీయుని జన్మగృహం గడప దాటి లోపలికి వెళ్లి, అక్కడ ఒక గంట గడిపి రావాలన్న కోరిక మనలో ఎంతమందికి కలుగుతున్నదన్నదే నేడు మేము పాఠకుల ముందు పెట్టదలచిన ప్రశ్న. ఆ ఇల్లు నిలిచే ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న మన ఊరి చరిత్రలో అంతటి విలువైన ఆనవాలు మరొకటి ఉందని మేము అనుకోవడం లేదు. అయితే ఇల్లు నిలవడం వేరు, దాని తలుపులు తెరుచుకుని అందులోకి జనం వచ్చిపోతుండడం వేరు.

విగ్రహం చెప్పలేనిది ఇల్లు చెబుతుంది. వీరేశలింగంగారి విషయంలో ఈ మాట మరీ నిజం. హిందూ వితంతువుల పునర్వివాహానికి చట్టబద్ధత కల్పించిన శాసనం 1856లోనే వచ్చింది. రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిగింది. నడుమ గడిచిన 25 ఏళ్లూ చట్టం పుస్తకంలోనే ఉంది. దానిని పుస్తకంలో నుంచి బయటికి తేవడానికి ఒక సభ చాలలేదు, ఒక పత్రిక చాలలేదు, ఒక ఇల్లు కావలసి వచ్చింది. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి పంతులుగారి ఇంటనే జరిగింది. బయట పోలీసుల కాపలా, చుట్టూ విద్యార్థుల అండ, వీధిలో కోపంతో రగిలిపోతున్న జనం, వీటన్నిటి మధ్య ఆ రాత్రి పెళ్లిపందిట్లో మంత్రాలు వినిపించాయి. మరి నాలుగు రోజులకు, డిసెంబరు 15న, రెండో పెళ్లి కూడా జరిగిపోయింది.

పెళ్లి ఒక్క రాత్రితో ముగిసింది కానీ వెలి ముగియలేదు. పంతులుగారి ఇంటికి వంటవాళ్లు రావడం మానేశారు. నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. బంధువులు ఇంటి ముఖం చూడడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు కడవ చంకన పెట్టుకుని తానే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, వచ్చిన వాళ్లందరికీ తానే వండి వడ్డించారు. పంతులుగారి పేరు తెలిసిన ప్రతి వెయ్యిమందిలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారు? పాఠ్యపుస్తకాల్లో ఆయన ఉంటారు, ఆమె ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతారు. సంఘసంస్కరణ భారం వేదికల మీద ఎంత పడిందో వంటింటి మీద అంతకంటే ఎక్కువ పడిందని చెప్పగలిగేది ఒక్క ఇల్లే. పొయ్యి ఎక్కడ ఉండేది, నీళ్ల కడవలు ఎక్కడ దించేవారు, వెలివేసిన వీధిలో నుంచి నదికి వెళ్లాలంటే ఎవరెవరి అరుగుల ముందు నుంచి తల వంచకుండా నడవాలి, ఇవన్నీ ఆ గడపలో నిలబడి వింటే కానీ ఒంటికి పట్టవు.

అందువల్ల మా మొదటి సూచన చాలా చిన్నది. ఏటా డిసెంబరు 11న, ఉదయం పూట, ఆ ఇంటి నుంచి గోదావరి రేవు వరకు ఊరివాళ్లు కలిసి నడవాలి. ముందు వరుసలో ఆడపిల్లలు ఉండాలి. దారిలో రెండు మూడు చోట్ల ఆగి, పంతులుగారు తన ఆత్మకథలో ఆ రోజులను గురించి రాసుకున్న పుటలను ఎవరైనా గొంతెత్తి చదవాలి. రేవులో ఒక కడవ నింపి, తిరిగి ఇంటికి మోసుకురావాలి. నిండు కడవ మోస్తూ ఆ దూరం నడిచిన పదో తరగతి అమ్మాయికి రాజ్యలక్ష్మమ్మగారి గురించి ఏ వక్తా వేరుగా చెప్పనక్కర లేదు. దీనికి కావలసిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. కావలసిందల్లా తలుపు తెరిచే మనిషి, కథ తెలిసిన మనిషి, రావాలన్న మనసు.

కథ చెప్పేటప్పుడు దాచకుండా చెప్పాలన్నది మా గట్టి అభిప్రాయం. ఆనాటి పెళ్లికూతురు నేటి చట్టం ప్రకారం పెళ్లి వయసు రాని బాలిక. బాల్యవివాహమే ఆమెను వితంతువును చేసింది. పునర్వివాహం ఆమెను ఆ నరకం నుంచి తప్పించింది కానీ ఆమె చేతికి పలక, బలపం ఇవ్వలేదు. అంతే కాదు, ఆనాడే మన పల్లెల్లో ఎన్నో కులాల్లో మారుమనువు మామూలు ఆచారంగా ఉంది. వితంతువుకు తల గొరిగించి మూల కూర్చోబెట్టిన ఘోరం ప్రధానంగా అగ్రవర్ణాల ఇళ్లది. ఈ సంగతులు చెప్పినంత మాత్రాన పంతులుగారి గొప్పతనం తగ్గదు. తన సొంత కులం ఆగ్రహాన్ని తన ఇంట్లోకే ఆహ్వానించిన మనిషి ధైర్యం అప్పుడే సరిగ్గా అర్థమవుతుంది. స్మారక గృహం పూజామందిరం కాకూడదు. పిల్లలు లేచి ప్రశ్న అడిగే చోటు కావాలి. ఆనాడు ఆయనను వెలివేసిన కుటుంబాల మునిమనవలు కూడా ఇదే ఊళ్లో, బహుశా ఆ చుట్టుపక్కల వీధుల్లోనే ఉన్నారు. వాళ్లూ వచ్చి తమ ఇళ్లలో తరతరాలుగా చెప్పుకున్న మాట చెప్పగలిగితే, అది కూడా ఈ ఊరి చరిత్రే.

ఒక ఇంటితో ఆగవలసిన పని కూడా లేదు. పంతులుగారు 1890లో కట్టించిన పురమందిరం ఈ ఊళ్లోనే ఉంది. 1880లో ఆయన శిష్యులు ఆయన రాసిన ప్రహసనాన్ని ప్రదర్శించింది ఈ ఊళ్లోనే. నాటకరంగ దినోత్సవానికి మూలం అదే కదా! 28 ఏళ్లు నిండకముందే, 1925లో, మశూచికి బలైపోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలు ఇక్కడి చిత్రశాలలో ఉన్నాయి. ధవళేశ్వరం వెళితే కాటన్ మ్యూజియం ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ డెల్టాను ఎలా మార్చిందో అక్కడ చూడవచ్చు. వీటన్నిటినీ కలిపి ఒక ఆదివారపు నడకగా, ఒక వేసవి సెలవుల కార్యక్రమంగా అల్లడం కష్టమైన పనేమీ కాదు. బయటి ఊళ్ల నుంచి పుష్కరాలకు వచ్చే లక్షలాది జనం సంగతి అలా ఉంచి, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి వీటిలో ఒక్కటీ చూడని వాళ్లు ఎందరో ఉన్నారన్నది మా విచారం.

ఇది ఎవరు చేయాలి అంటే వెంటనే ప్రభుత్వం వైపు చూడడం మనకు అలవాటు. ప్రభుత్వం చేయవలసినది ఉంది, దానికి తరువాత వస్తాం. పొరుగున చెన్నపట్నం వాళ్లు చేసి చూపినది ముందు చెప్పాలి. 1639 ఆగస్టు 22న ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున కొంత నేల దక్కింది. ఆ నేలను ఇచ్చింది దామెర్ల వంశపు తెలుగు నాయకులే. ఆ తేదీని ఊరి పుట్టినరోజుగా పాటిద్దామని 2004లో కొద్దిమంది చరిత్రాభిమానులు, పాత్రికేయులు తలపెట్టారు. పెద్ద వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. ఎవరి వీధి గురించి వాళ్లు చెప్పారు, ఎవరి ఇంట్లోని పాత ఫొటోలు వాళ్లు తెచ్చి గోడకు తగిలించారు. ఒకరు పాత చర్చిల వెంట నడిపిస్తే మరొకరు పాత హోటళ్ల వెంట నడిపించారు. ఒక రోజు అనుకున్నది వారమైంది, వారం కాస్తా నెల వైపు సాగింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ పని ఆగలేదంటే, అది ఏ ఒక్కరి చేతిలోనూ లేకపోవడమే కారణమని మా నమ్మకం.

ఆ చెన్నపట్నంలోనే మైలాపూరు రాయపేట హైరోడ్డులో 126వ నంబరు ఇల్లు ఉంది. బులుసు సాంబమూర్తిగారి ఆ ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. 58 రోజులు. ఆంధ్రరాష్ట్రం అనే మాటకు ప్రాణం పోసిన ఇల్లు అది. నేడది స్మారక భవనం. చెన్నై వెళ్లే తెలుగువాళ్లు బట్టల దుకాణాలకు వెళతారు, ఆసుపత్రులకు వెళతారు, సముద్రం చూస్తారు. ఆ ఇంటికి కూడా పిల్లలను తీసుకువెళ్లి, ఒక మనిషి ఇక్కడ పడుకుని రోజురోజుకూ ఎలా క్షీణించిపోయాడో, ఆ వార్త ఎలా పాకిందో చెప్పే తల్లిదండ్రులు ఎక్కువమంది కావాలి. విజయనగరంలో గురజాడవారి ఇల్లు ఉంది. హైదరాబాదు అబిడ్స్‌లో సరోజినీ నాయుడుగారి ఇల్లు, గోల్డెన్ త్రెషోల్డ్, ఉంది. 1970లలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం తన తొలి రోజులు గడిపింది ఆ ఇంట్లోనే. పాత ఇల్లు కొత్త పనికి ఉపయోగపడి బతకగలదని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

పోగొట్టుకున్నదీ ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైనప్పుడు అది సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీలోనే ఉండేది. ఆ వస్తువులను సాలార్‌జంగులు నివసించిన ఇంట్లోనే చూసే అవకాశం అప్పటి సందర్శకులకు దక్కింది. 1968లో వస్తువులు మూసీ ఒడ్డున కొత్త భవనంలోకి తరలిపోయాయి. తరువాత ఆ దేవిడీ చాలా వరకు నేలమట్టమై, దాని పేరు బజారు పేరుగా మిగిలింది. వస్తువులు దక్కాయి, ఇల్లు దక్కలేదు. కలకత్తావాళ్లు జొరాసాంకోలో ఠాగూరు ఇంటిని అలా పోనివ్వలేదు. ఆయన పుట్టిందీ 1941లో పోయిందీ ఆ ఇంట్లోనే. ఆయన పుట్టినరోజైన బెంగాలీ వైశాఖం 25న, ఏటా తెల్లవారకముందే ఆ ముంగిట జనం చేరి పాటలు పాడతారు.

ఇక ప్రభుత్వం చేయవలసినది. మరమ్మతు పేరుతో పాత గోడలకు సిమెంటు పూయడం తక్షణం మానాలి. గానుగ సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పడితే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని, నాలుగైదు వానాకాలాల్లో ఇటుకను పొడి పొడి చేస్తుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోపల కుళ్లుతుంటుంది. సున్నం నానబెట్టి, గానుగ ఆడించి, పాత పద్ధతిలో పూత వేయగల మేస్త్రీలు గోదావరి జిల్లాల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఆ వృద్ధులు ఉండగానే వాళ్ల పక్కన నలుగురు కుర్రవాళ్లను పనికి పెట్టాలి. దూలానికి చెద పట్టిందా, పెంకు జారిందా అని ఏటా తొలకరికి ముందే చూడాలి. కారిన తరువాత చూడడం మరమ్మతు అనిపించుకోదు.

రెండో సంగతి మనుషులది. ఏ స్మారక గృహానికైనా కాపలాదారు ఒక్కడే ఉంటే చాలదు. వచ్చినవాళ్లకు కథ చెప్పగల మనిషి, జీతం తీసుకునే మనిషి, ఉండాలి. ఆదివారం, పండుగ రోజు, జనానికి తీరిక ఉన్న సాయంత్రం వేళ తలుపు తెరిచి ఉండాలి. కార్యాలయపు వేళల్లో మాత్రమే తెరిచే మ్యూజియానికి కార్యాలయానికి వెళ్లే మనిషి ఎప్పుడు వస్తాడు? తెరిచే వేళలు, మూసే వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి, రాసిన ప్రకారం తెరవాలి. తాళం చూసి ఒకసారి వెనక్కి తిరిగిన కుటుంబం రెండోసారి రాదు.

మూడోది మన అందరి చేతిలో ఉంది. ఇళ్లలో పాత ట్రంకుపెట్టెల అడుగున శుభలేఖలు, ఉత్తరాలు, కరణాల లెక్కల కాగితాలు, పాత పత్రికలు, మసకబారిన ఫొటోలు పడి ఉన్నాయి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు అవి పాతకాగితాల వాడి తక్కెడలోకి వెళతాయి. నెలకు ఒక ఆదివారం స్మారక గృహపు వసారాలో ఒక బల్ల, ఒక స్కానరు, ఇద్దరు కళాశాల విద్యార్థులు ఉంటే, ఎవరి కాగితం వాళ్లు తెచ్చి, నకలు తీయించుకుని, అసలు వెనక్కి తీసుకువెళ్లవచ్చు. అమ్మమ్మలు చెప్పే మాటలను అదే బల్ల దగ్గర రికార్డు చేయవచ్చు. అలా ఏడాది గడిస్తే ఏ గెజెటీరులోనూ లేని ఊరు చరిత్ర చేతికి వస్తుంది. వీరేశలింగంగారు 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోశారు. ఆయన ఊరివాళ్లుగా మనం ధారపోయవలసింది నెలకు ఒక ఆదివారం.

ఈ సూచనల మీద పాఠకులు తమ అభిప్రాయాలు రాయవలసిందిగా కోరుతున్నాం. తమ వీధిలో ఏ ఇంటికి ఏ చరిత్ర ఉందో, ఆ ఇల్లు నేడు ఎలా ఉందో తెలిపే లేఖలకు మా పుటల్లో చోటు ఇస్తాం. డిసెంబరు 11 నడకకు కడవలు మేము తెస్తాం.